బూడిద పోసిన వాకిళ్లు

దిన్నెపాళ్యం పిల్లల రక్తపరీక్షల ఫలితాలు, ఆస్పత్రి తరఫున ఊళ్లు తిరిగే ప్రేమకుమారి చేతికి వచ్చిన దగ్గర కిందటి భాగం ముగిసింది. వర్తూరు చెరువుకు అవతలి ఒడ్డున, పాత లారీ బ్యాటరీలను కరిగించి సీసం తీసే బట్టీ పక్కనే ఉన్న చిన్న ఊరది. తరాల కిందటే బెంగళూరు చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ ఉంటాయి. ఏడాదిగా పిల్లలకు కడుపునొప్పులు, మతిమరుపు, ఒకరిద్దరికి మూర్ఛలు. వేసవిలో ఆస్పత్రి వాళ్లు వచ్చి, పుర్రెబొమ్మ కింద ‘విషం ఉంది, జాగ్రత్త’ అని రాసిన పోస్టర్లు అంటించి వెళ్లారు. అది చెరువు నీళ్ల గురించని జనం అనుకున్నారు. చెరువు పక్కనున్న బోరింగు మానేసి, బిందెలు నెత్తిన పెట్టుకుని ఎక్కడో దూరంలో ఉన్న ఇంకో బోరింగుకు నడిచారు. విషం మాత్రం వాళ్ల వాకిళ్లలోనే ఉండిపోయింది, బట్టీ నుంచి తెచ్చి పరిచిన బూడిదలో.

ఆ సంగతి ఇప్పటికి ప్రేమకుమారికీ ఆమెతో పనిచేసే డాక్టర్ అభిజిత్‌కూ మాత్రమే తెలుసు. ఆదివారం సాయంత్రం బడిలో అందరినీ కూర్చోబెట్టి చెప్పాలని ఊరి పెద్ద పెద్దమునియప్ప పట్టుబట్టాడు. పిల్లలందరిలోకీ ఎక్కువ సీసం కనిపించింది గౌరమ్మ కూతురు చిన్ని రక్తంలో. ఆ మాట తల్లి చెవిన మొదటిసారి నలుగురి మధ్య పడకూడదని ప్రేమకుమారి సభకు ముందే వాళ్లింటికి బయల్దేరింది.

*

గౌరమ్మ వాకిట్లో కూర్చుని గిన్నెలు తోముతోంది. పక్కన కొబ్బరి చిప్పలో బూడిద ఉంది. తడి పీచును అందులో అద్ది అల్యూమినియం తపేలాను గుండ్రంగా రుద్దుతోంది. ప్రేమకుమారిని చూడగానే మోచేత్తో జుట్టు వెనక్కి నెట్టుకుని నవ్వింది.

“రాండక్కా, రాండి. మీటింగుకి ఇంకా టైమ్ ఉండాది గదా. కూసోండి, కాఫీ పెడతాను.”

“కాఫీ తర్వాత తాగుదాం గౌరమ్మా. చిన్ని ఏది?”

“లోపల పండుకోని ఉండాది. రాత్రంతా కడుపునొప్పని ఒకటే ఏడుపు. ఇప్పుడే సొల్ప నిద్ర పట్టింది.”

ప్రేమకుమారి చూపు కొబ్బరి చిప్ప మీదే ఆగిపోయింది. బూడిదను వాకిళ్లలో పరిచారని తెలుసు. అన్నం వండుకునే గిన్నెలకు కూడా రుద్దుతున్నారని తెలియదు.

“రోజూ దీంతోనే తోముతారా?”

“దీంతోనే. సబ్బుపొడి ఏమీ వద్దక్కా. ఒక తూరి రుద్దితే చాలు, అద్దం మాదిరి అయితాది.” గౌరమ్మ తపేలాను ఎత్తి చూపించింది. ఆమె గొంతులో చిన్న గర్వం. “మా ఆయన తెచ్చిందే ఇదంతా. ఇప్పుడు మీరు కాలు పెట్టినారే, ఈ తావున ముందు మోకాలు దిగబడే బురద. వానొస్తే చెరువులో మురికి నీళ్లు ఇండ్లలోకి వచ్చేసేవి. పిల్లోళ్లకి కాళ్లంతా పుండ్లు. ఎవరికి చెప్పుకున్నా ఎవరూ రాలేదు. ఈయప్పే బట్టీ ఓనరుని బతిమాలి, ట్రాక్టరు మీద బూడిద తెప్పించి, ఇంటింటికీ పోయించినాడు. ఊరంతా ఆ పొద్దు ఈయప్పని దేవుడు మాదిరి చూసినారక్కా.”

ప్రేమకుమారి గోడకు ఆనుకుంది. బూడిద బట్టీదని మట్టి పరీక్ష చెప్పింది. దాన్ని ఎవరు తెచ్చారో చెప్పలేదు. ఆస్పత్రి నుంచి బస్సులో వస్తున్నంతసేపూ ఆమె మాటలు పేర్చుకుంటూ వచ్చింది. తెలిసినది ముందు చెప్పాలి, తెలియనిది తెలియదని చెప్పాలి, ఇవాళే చేయగలిగిందేమిటో చెప్పాలి. ఇలాంటి వార్త మోసుకెళ్లేవాళ్లకు శిక్షణలో నేర్పే వరస అది. ఆమే చాలామందికి నేర్పింది. వినేవాడి చేతులతోనే ఆ విషం ఇంటికి వచ్చినప్పుడు ఎలా చెప్పాలో ఆ వరసలో ఎక్కడా లేదు.

అప్పుడే ఆంజనేయులు వచ్చాడు. ఆదివారం కూడా బట్టీలో సగంపూట పని ఉంటుంది. చొక్కా భుజాల మీద బూడిదరంగు పొడి, కనుబొమల మీద పొడి. ప్రేమకుమారికి నమస్కారం పెట్టి, కాళ్లయినా కడుక్కోకుండా తిన్నగా లోపలికి వెళ్లాడు. మరుక్షణం చిన్నిని భుజాన వేసుకుని బయటికి వచ్చాడు. ఆరేళ్ల పిల్ల, నాలుగేళ్ల దానిలా ఉంది. తండ్రి మెడ చుట్టూ చేతులు వేసి ఆ చొక్కాలో ముఖం దాచుకుంది.

“నా వాసన తగిలితే లేసేస్తాది మేడం,” అన్నాడు నవ్వుతూ. “ఎంత నిద్రలో ఉన్నా సరే.”

ప్రేమకుమారికి ఇక ఆగడం కుదరలేదు.

“ఆంజనేయులన్నా, కూర్చోండి. గౌరమ్మా, మీరూ చేతులు కడుక్కుని రండి. చిన్ని పరీక్ష సంగతి చెప్పాలి.”

గౌరమ్మ నవ్వు ఆగిపోయింది. గబగబా చేతులు కడుక్కుని చీర చెంగుతో తుడుచుకుంటూ వచ్చి భర్త పక్కన నిలబడింది.

“చిన్ని రక్తంలో సీసం ఉంది. చాలా ఎక్కువగా ఉంది. కడుపునొప్పి దానివల్లే. దీపావళప్పుడు వచ్చిన మూర్ఛా దానివల్లే. దీనికి మందుంది. ఆ మందు రక్తంలో ఉన్న సీసాన్ని పట్టుకుని మూత్రంలో బయటికి పంపేస్తుంది. రేపు పొద్దున్నే ఆస్పత్రిలో చేర్చుకుంటాం. మంచం ఉంచమని చెప్పే వచ్చాను.”

“సీసమా?” ఆంజనేయులు అర్థంకానట్టు చూశాడు. “అది బట్టీలో గదా ఉండేది. బిడ్డ ఒక్క పొద్దు గూడా బట్టీ దిక్కుకి రాలేదే.”

“బూడిదలోనూ ఉందన్నా. బట్టీలో మిగిలిన బూడిదలో చాలా సీసం ఉంటుంది. ఈ వాకిట్లో మట్టి పట్టుకెళ్లి పరీక్ష చేశాం.”

ఆంజనేయులు కిందికి చూశాడు. కాళ్ల కింద చదునుగా, మెత్తగా, బూడిదరంగులో వాకిలి. మూలగా ఇటుక ముక్కలతో చిన్ని కట్టుకున్న బొమ్మరిల్లు. దాని ముందు చిన్న చిప్పల్లో బూడిద. అది ఆ పిల్ల వండిన అన్నం.

“ఈ బూడిదా?” అన్నాడు.

“ఇదే. పిల్లలు నేల మీద ఆడతారు, అవే చేతులు నోట్లో పెట్టుకుంటారు. గాలికి లేస్తుంది, గిన్నెలకు అంటుతుంది. కంటికి కనపడదు, వాసన రాదు. మీ బట్టల మీద కూడా ఇంటికి వస్తుంది.”

చివరి మాట అనకుండా ఉండాల్సిందా అని ఆమెకు వెంటనే అనిపించింది. అనకపోతే రేపు కూడా అతడు అలాగే బిడ్డను ఎత్తుకుంటాడు.

ఆంజనేయులు మెల్లగా వంగి చిన్నిని అరుగు మీద దించాడు. రెండడుగులు వెనక్కి వేశాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒంటికి దూరంగా పట్టుకుని నిలబడ్డాడు. చిన్ని నిద్రమత్తులోనే చేతులు చాపింది.

“అప్పా, ఎత్తుకో.”

అతడు కదల్లేదు.

“అప్పా,” అంది మళ్లీ. ఏడుపు మొదలైంది.

గౌరమ్మ వంగి పిల్లను తీసుకుంది. చిత్రంగా ఆమె కళ్లలో నీళ్లు రాలేదు. పిల్ల వీపు నిమురుతూ, ప్రేమకుమారి ముఖంలోకి సూటిగా చూస్తూ అడిగింది.

“అక్కా, మందేస్తే బిడ్డ మునుపటి మాదిరి అయితాదా? ఇది ఇస్కూల్లో చేరినప్పుడు నూరు దాకా ఒక్క ఊపులో ఎంచేది. పద్యాలన్నీ చెప్పేది. ఇప్పుడు సగంలో నిలిపేసి నా మొగం చూస్తాది. అవన్నీ మళ్లా వస్తాయా?”

అవునని చెప్పడం చాలా సులువు. ఆ తల్లి రాత్రి కాస్త నిద్రపోతుంది. ప్రేమకుమారి ఆమె భుజం మీద చేయి వేసింది.

“నొప్పి తగ్గుతుంది. మూర్ఛలు రాకుండా చూడొచ్చు. మర్చిపోయినవాటిలో కొన్ని తిరిగొస్తాయి. కొన్ని రాకపోవచ్చు గౌరమ్మా. ఎంతవరకని ఎవరూ ముందే చెప్పలేరు. ఇకమీదట సీసం తగలకుండా ఉంటే మాత్రం ఇంతకంటే పాడవదు.”

గౌరమ్మ తల ఊపింది. చాలాసేపు ఊపుతూనే ఉంది.

“ఊళ్లో చెప్తారా మేడం?” అన్నాడు ఆంజనేయులు. “బూడిద నేనే తెచ్చినానని?”

“బూడిద గురించి చెప్పక తప్పదు. ఎవరు తెచ్చారన్నది నా నోటినుంచి రాదు. దాంట్లో ఏముందో మీకెవరూ చెప్పలేదు కదన్నా. చెప్పాల్సింది బట్టీ నడిపేవాళ్లు.”

“మీరు చెప్పకున్నా అందరికీ తెలిసిందే గదా,” అన్నాడతడు. “ట్రాక్టరు మీద నిలబడుకోని పోయించింది నేనే.”

*

బడి ఒకే గది. దాని వరండాలోనూ ముందున్న మైదానంలోనూ జనం కూర్చున్నారు. పెద్దమునియప్పకు ఇనుప కుర్చీ వేశారు. బట్టీ ఉన్న స్థలం అతడిదే, కౌలుకు ఇచ్చాడు. మనవడు భరత్ అతడి మోకాళ్లకు ఆనుకుని నిలబడ్డాడు.

డాక్టర్ అభిజిత్ హైదరాబాదు వాడు. మంచివాడే గానీ ఆస్పత్రి భాష వదలలేడు.

“చూడండి, పిల్లల బ్లడ్‌లో లెడ్ లెవెల్స్ టెస్ట్ చేశాం. మైక్రోగ్రామ్స్ పర్ డెసిలీటర్‌లో చూస్తాం. చాలామందికి సేఫ్ లిమిట్ కంటే హై వచ్చింది.”

ముందు వరసలో ఉన్న సరోజమ్మ ముఖం విప్పారింది. కొడుకూ కోడలూ చనిపోతే మనవరాలు హర్షితను ఒంటిచేత్తో పెంచుకుంటున్న ముసలావిడ.

“మా హర్షితకి గూడా హై వచ్చిందా డాక్టరప్పా? పోయినేడు పరీక్షలో గూడా అందరికంటే ఎక్కువ వచ్చింది దానికి.”

 ఎవరూ నవ్వలేదు. నిజంగానే అవి మార్కులని చాలామంది అనుకున్నారు. ప్రేమకుమారి లేచి సరోజమ్మ ముందు గొంతుకూర్చుంది.

“ఇవి మార్కులు కావు అవ్వా. ఒంట్లో ఉండకూడనిది ఎంత ఉందో చెప్పే లెక్క. తక్కువుంటేనే మంచిది.”

తర్వాత చెంబులో నీళ్లు తెప్పించుకుంది. అరచేయి తడుపుకుని, వరండా కింద బూడిద పరిచిన నేల మీద ఒకసారి ఆనించింది. చేయి ఎత్తి అందరికీ చూపించింది. అరచేయంతా బూడిదరంగు.

“పిల్లలు రోజంతా చేసేది ఇదే. తర్వాత ఈ చేత్తోనే జామకాయ తింటారు, వేలు చీకుతారు. ఇది పొయ్యిలో కట్టెల బూడిద కాదు. సీసం కరిగించగా మిగిలినది. దీంట్లో ఉన్న సీసమే పిల్లల రక్తంలోకి వెళ్లింది. చెరువు నీళ్ల వల్ల కాదు. వేసవిలో మేం అంటించిన కాగితాల్లో ఆ సంగతి స్పష్టంగా రాయలేదు. రాసి ఉండాల్సింది.”

ఒక్కసారిగా గుసగుసలు లేచాయి. ఆడవాళ్లు తమ పక్కన నేల మీద కూర్చున్న పిల్లలను ఒళ్లోకి లాక్కున్నారు. ఒకామె కొడుకు చేతులు పట్టుకుని తన చీరకేసి తుడవసాగింది.

పెద్దమునియప్ప గొంతు సవరించుకున్నాడు.

“మేడం, మీరు చదువుకున్నోళ్లు. ఒకటి చెప్పండి. బట్టీ మూసేయల్లనా మీ ఉద్దేశం? ఈ ఊళ్లో సగం మందికి అదే కెలసం. చుట్టూ లేఅవుట్లు వేసేవోళ్లు ఈ జాగాలు ఎప్పుడెప్పుడు చిక్కుతాయా అని కాచుకోని ఉండారు. మీరు విషం విషం అంటే వాళ్లకి పండగే గదా?”

“పని పోవాలని నేను అనడం లేదు. పొగ, బూడిద ఊళ్లోకి రాకుండా బట్టీ నడపాలి. లేకపోతే ఊరికి దూరంగా నడపాలి. పనివాళ్లకు అక్కడే స్నానానికి నీళ్లు, మార్చుకోవడానికి బట్టలు ఇవ్వాలి. అవి చేయించాల్సింది స్థలం ఇచ్చిన మీరూ, ఆ ఓనరూ.”

సభలో పదిమంది ముందు ఒక ఆడమనిషి అలా అనడం అతడికి గుచ్చుకుంది. కుర్చీలో ముందుకు వంగాడు.

“సరేనమ్మా. బూడిదలో విషం ఉండాది. ఒప్పుకుంటాము. బట్టీవాళ్లు వచ్చి మా వాకిళ్లలో పోసినారా? మేము అడిగితిమా? అడుక్కోని తెచ్చింది ఎవరు, ట్రాక్టరెక్కి తిరిగింది ఎవరు, అది గూడా చెప్పండి మరి.”

జనమంతా ఒక్కసారి వెనక్కి తిరిగారు. ఆంజనేయులు ఆఖరి వరసలో, గోడ పక్కన, ఎవరికీ తగలకుండా కూర్చున్నాడు. చొక్కా మార్చుకుని వచ్చాడు. ఎంత రుద్దుకున్నాడో గానీ మోచేతులు ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి.

అతడు లేచి నిలబడ్డాడు.

“నేనేనప్పా తెచ్చింది.”

 సరోజమ్మ లేచింది. “నీ చేత్తోనే మా ఇంటి ముందర పోస్తివి గదరా అంజీ. ఒక బుట్ట ఎక్కువే పొయ్యప్పా అని నేనే అడిగితిని. ఉండేది అదొక్కటే నాకు…” అంటూ నోట కొంగు కుక్కుకుంది. వెనకనుంచి ఎవడో బూతుమాట అన్నాడు. ఇద్దరు కుర్రాళ్లు లేచి ఆంజనేయులు వైపు నడిచారు.

గౌరమ్మ వాళ్లకు అడ్డం వచ్చింది. చంకలో చిన్ని ఉంది.

“కొట్టండప్పా,” అంది. గొంతు పెద్దగా లేదు, అయినా అందరికీ వినిపించింది. “అందరికంటే ఎక్కువ విషం ఉండేది నా బిడ్డ రక్తంలో. ఇప్పుడే అక్క ఇంటికొచ్చి చెప్పింది. కొట్టాలంటే ముందు నేను కొట్టల్ల ఈయప్పని. తెలిసి ఎవరన్నా సొంత బిడ్డ ఆడుకునే తావున పోసుకుంటారా? బురదలో మీ పిల్లోళ్లు పడి ఏడస్తా ఉంటే ఎవరూ రాని పొద్దు ఈయప్పొచ్చినాడు. అప్పుడు ఈయప్పకి కాఫీ ఇయ్యని ఇల్లు ఏది, చెప్పండి చూస్తాను.”

కుర్రాళ్లు ఆగిపోయారు. ఒకడు తల దించుకుని తన చోటికి వెళ్లి కూర్చున్నాడు.

“దాంట్లో ఏముందో ఆయనకెవరూ చెప్పలేదు,” అంది ప్రేమకుమారి. “తెలిసినవాళ్లు ట్రాక్టరు నింపి పంపించారు. ఇప్పుడు ఏం చేయాలో వినండి. చాలా ముఖ్యమైన మాట. వాకిళ్లను మీరు…”

పెద్దమునియప్ప కుర్చీలోంచి లేచి ఆమె పక్కకు వచ్చాడు. గొంతు పూర్తిగా మారిపోయింది.

“మేడం, మా భరత్‌కి ఎంత వచ్చింది?”

“ఇక్కడ వద్దు. మీ ఇంటికొచ్చి చెబుతాను.”

“అంటే ఎక్కువేనా?”

ఆమె జవాబు చెప్పేలోపే వీధి అవతల గునపం దిగిన చప్పుడైంది. మరొకటి. మరొకటి. ప్రేమకుమారి ఆఖరి వరస వైపు చూసింది. ఆంజనేయులు లేడు.

*

తన వాకిట్లో అతడు పిచ్చివాడిలా తవ్వుతున్నాడు. గునపంతో పొడిచి, పారతో ఎత్తి, వీధిలోకి విసురుతున్నాడు. ఎండకు ఎండిపోయిన బూడిద పారకొకసారి పైకి లేచి గాలిలో విచ్చుకుంటోంది. బడి దగ్గరున్న జనం అది చూశారు.  ఒక్కొక్కరే లేచి ఇళ్లకు పరుగెత్తారు. మగవాళ్లు పారలు తీశారు, ఆడవాళ్లు చీపుళ్లు. విషమని తెలిశాక ఇంకొక్క నిమిషం కూడా వాకిట్లో ఉంచుకోలేకపోయారు.

చూస్తుండగానే ఊరి మీద బూడిద మబ్బు కమ్మేసింది. ఎదురిల్లు కనపడనంత దట్టంగా. ఆ మబ్బులో పిల్లలు దగ్గుతూ తల్లుల వెంట తిరుగుతున్నారు.

“తవ్వొద్దు! ఊడ్వొద్దు!” ప్రేమకుమారి వీధిలో పరుగెత్తింది. “దుమ్ము లేపొద్దు, నీళ్లు చల్లండి! పిల్లల్ని లోపలికి తీసుకెళ్లండి!”

ఆమె గొంతు ఎవరికీ వినపడలేదు. ఏముందో చెప్పింది, ఎక్కడినుంచి వచ్చిందో చెప్పింది. ఏం చేయాలన్నది నోటిదాకా వచ్చేసరికి సభ చెదిరిపోయింది. పోస్టరు చూసి చెరువు పక్క బోరింగు మానేసినవాళ్లే ఇప్పుడు ఆమె మాట విని తమ పిల్లల మీదికి బూడిద ఎత్తిపోస్తున్నారు.  ఒక ఇంటి దగ్గర ఒకావిడ చేతిలో చీపురు లాక్కుంటే ఆవిడ తిరిగి లాక్కుని తోసేసింది.

వెనక బడిగంట మోగింది. అభిజిత్. వేలాడదీసిన ఇనుప ముక్కను కనబడిన రాడ్డుతో ఆగకుండా బాదుతున్నాడు. ఆ మోతకు కొందరు చేతులు ఆపి చూశారు.

ఆ కాస్త సందులో గౌరమ్మ చిన్నిని ప్రేమకుమారి చేతికి అందించి, పీపాలో బిందె ముంచి, తన వాకిట్లో గుమ్మరించింది. మళ్లీ ముంచింది. ఆ బిందె ఆంజనేయులు మీదే పోసింది. అతడు గునపం పట్టుకుని, తల నుంచి నీళ్లు కారుతూ, రొప్పుతూ నిలబడిపోయాడు.

“చాలు నిలుపు,” అంది గౌరమ్మ. “దుమ్మంతా బిడ్డ నోట్లోకే పోతా ఉండాది. నీళ్లు తే.”

అతడు గునపం కింద పడేసి బిందె అందుకున్నాడు.

పక్కింటి వాళ్లు అది చూసి తమ పీపాల దగ్గరకు వెళ్లారు. దూరం బోరింగు నుంచి మోసుకొచ్చి దాచుకున్న నీళ్లవి. ఆ నీళ్లే ఇప్పుడు వాకిళ్లలో ఒలికాయి. దుమ్ము మెల్లగా కూర్చుంది. ప్రేమకుమారి ఇంటింటికీ తిరిగి మళ్లీ మొదటి నుంచి చెప్పింది. వాకిలి ఎండనివ్వొద్దు. తడిగుడ్డతో తుడవాలి. గిన్నెలకు ఈ బూడిద తాకించొద్దు. తినేముందు పిల్లల చేతులు సబ్బుతో కడగాలి. బట్టీ నుంచి వచ్చినవాళ్లు స్నానం చేశాకే పిల్లల్ని తాకాలి. ఈ బూడిద ఎలా తీయాలో తెలిసినవాళ్లను తీసుకొస్తాం, అంతవరకు ఎవరూ పార పట్టొద్దు. ప్రతి ఇంట్లోనూ చెప్పి, వాళ్ల నోటితో తిరిగి చెప్పించుకుని మరీ కదిలింది. సరోజమ్మ అంతా విని, చీపురును నీళ్ల తొట్లో ముంచి, తలుపు మూసుకుంది.

పెద్దమునియప్ప బడి తాళాలు తెప్పించాడు. గదిలో గచ్చు నేల ఉంది. దాన్ని కడిగించి, పిల్లలు ఈ రాత్రికి అక్కడే పడుకుంటారన్నాడు. ప్రేమకుమారి భరత్ సంగతి చెప్పినప్పుడు అతడు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. చాలాసేపటిదాకా ఇటు తిరగలేదు.

*

ఎండ వాలింది. బడి లోపల పిల్లలకు అభిజిత్ చేతులు కడిగిస్తున్నాడు. చిన్ని చాప మీద పడుకుని కళ్లు తెరిచి పైకప్పు చూస్తోంది. బడి మెట్ల మీద గౌరమ్మ తడిచీరతోనే కూర్చుని ఉంది. ప్రేమకుమారి వచ్చి పక్కన కూర్చుంది.

“బట్టలు మార్చుకోండి గౌరమ్మా. జలుబు చేస్తుంది.”

“మార్చుకుంటాను.”  “అక్కా, ఒక మాట అడగల్ల. ఆ సీసం పెద్దోళ్ల ఒంట్లో గూడా ఉంటాదా?”

“ఉంటుంది. మీ ఇద్దరికీ కూడా పరీక్ష చేయిస్తాం.”

“యాడ ఉంటాది ఒంట్లో?”

“కొంత రక్తంలో. చాలావరకు ఎముకల్లో ఉంటుంది. మన ఒళ్లు దాన్ని సున్నం అనుకుని మోసపోతుంది. ఎముకల్లో దాచిపెట్టుకుంటుంది.”

“దాచిపెట్టుకున్నాక అట్లనే ఉండిపోతాదా? బయటికి రాదా?”

చెప్పబోయిన ప్రేమకుమారి ఆగింది. గౌరమ్మ ముఖం చూసింది. తడిచీర కింద ఆమె చేయి పొత్తికడుపు మీద ఉంది. ఆ చేయి అక్కడే ఉండటం అప్పుడు గమనించింది.

“నెల తప్పింది,” అంది గౌరమ్మ తల దించుకుని. “ఈయప్పకింకా చెప్పలేదు. చిన్నికి నొప్పి తగ్గినాక చెప్దామని కాచుకోని ఉన్నాను. సంతోషంగా వింటాడని.”  ఇంతసేపూ రాని కన్నీళ్లు అప్పుడు వచ్చాయి. “నా ఎముకల్లో ఉండేది లోపలుండే బిడ్డకి పోతాదా అక్కా?”

ప్రేమకుమారికి జవాబు తెలుసు. బిడ్డ ఎముకలు కట్టుకోవడానికి తల్లి ఎముకలు కరిగి సున్నం ఇస్తాయి. ఇచ్చేటప్పుడు అందులో కలిసి ఉన్నది కూడా ఇచ్చేస్తాయి. ఇంకో సగం కూడా తెలుసు. ఈ ఊరు వదిలి ఉంటే, పాలూ రాగిసంగటీ ఆకుకూరలూ సరిగా తింటే, వెళ్లేది చాలావరకు తగ్గించవచ్చు. ఏది ముందు చెప్పాలి? ఎంత చెప్పాలి? ఆమె గౌరమ్మ చేయి పట్టుకుంది. ఆ చేతిగోళ్ల సందుల్లో ఇంకా బూడిద ఉంది.

మెట్ల పక్కన ఏదో మోగింది. నిండు బిందెను ఎవరో గచ్చు మీద దించారు.

ఆంజనేయులు నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో ఇద్దరూ చూడలేదు. దించిన బిందె మీదనుంచి చేతులు తీయడం మరిచిపోయి అలాగే వంగి ఉన్నాడు. గౌరమ్మ వైపు చూడలేదు. ప్రేమకుమారినే చూస్తున్నాడు.

“చెప్పండి మేడం,” అన్నాడు. “పోతాదా?”